ముందు దిక్కు, తర్వాత అంకె

నాలుగైదేళ్లుగా స్టీలు, అల్యూమినియం పార్టులే సిమ్యులేట్ చేస్తున్న ఇంజనీరు చేతికి మొదటిసారి కార్బన్ ఫైబర్ పార్టు వచ్చిందనుకోండి. అలవాటుగా మెటీరియల్ కార్డు తెరుస్తాడు. ఫైబర్ దిక్కున యంగ్స్ మాడ్యులస్ 181 గిగాపాస్కల్ అని డేటాషీట్‌లో ఉంది, వేస్తాడు. పాయిజాన్ రేషియో 0.28, అదీ వేస్తాడు. షియర్ మాడ్యులస్ గడి ఖాళీగా ఉంది. కాలేజీ ఫార్ములా నాలుక చివరే ఉంటుంది కదా: ఒకటికి పాయిజాన్ రేషియో కలిపి, దాన్ని రెట్టింపు చేసి, దానితో యంగ్స్ మాడ్యులస్‌ను భాగించడమే. 70.7 వస్తుంది. వేసేస్తాడు. రన్ ఒక్క వార్నింగూ లేకుండా పూర్తవుతుంది.

ఆ మెటీరియల్ టీ300/5208. కాంపోజిట్లు చదివిన వాళ్లలో ఈ పేరు వినని వాళ్లుండరు. స్టీఫెన్ సాయ్, థామస్ హాన్ 1980లో వేసిన పాఠ్యపుస్తకం నుంచి ఇప్పటిదాకా ఉదాహరణలన్నీ దీని మీదే నడుస్తున్నాయి. దాని అసలు షియర్ మాడ్యులస్ 7.17 గిగాపాస్కల్. మనవాడు వేసింది దాదాపు పదింతలు. ఫార్ములాలో తప్పేమీ లేదు. అన్ని దిక్కులా ఒకేలా ఉండే మెటీరియల్‌కు మాత్రమే అది వర్తిస్తుంది, అంతే. ఇక్కడ షియర్ మాడ్యులస్‌కూ యంగ్స్ మాడ్యులస్‌కూ చుట్టరికం లేదు. దేనికది విడిగా కొలుచుకోవాల్సిందే.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక అలవాటు గురించి. కాంపోజిట్ పనిలో ఏ అంకె కనబడినా, ఆ అంకె ఎంతో చూసే ముందు అది ఏ దిక్కుదో అడగాలి. ఇన్‌పుట్‌లో అయినా, మెష్‌లో అయినా, రిజల్ట్‌లో అయినా ఇదే వరస. చూసే కళ్లకు ఇది చాదస్తంలా కనబడుతుంది. కానీ కాంపోజిట్ మోడళ్లలో పెద్ద తప్పులు ఎక్కువగా దిక్కు దగ్గరే పుడతాయి, అంకె దగ్గర కాదు. ఎందుకో లెక్కలతోనే చూపిస్తాను.

కట్టెలు కొట్టడం చూసినవాళ్లకు ఆర్థోట్రోపిక్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. దుంగను నిలబెట్టి పీచు వెంట గొడ్డలి వేస్తే ఒక్క దెబ్బకు చీలుతుంది, అడ్డంగా వేస్తే గంట పడుతుంది. ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు దిక్కులు, ఒక్కో దిక్కుకు ఒక్కో స్వభావం. ఫైబర్ వెంట ఉన్నది 1, ప్లై (అంటే ఒక్క పొర) తలంలోనే దానికి అడ్డంగా ఉన్నది 2, ప్లై మందం వైపు ఉన్నది 3 అని పిలుచుకుంటాం. స్టీలుకు రెండు అంకెలు చాలు. దీనికి తొమ్మిది కావాలి: మూడు యంగ్స్ మాడ్యులస్‌లు, మూడు పాయిజాన్ రేషియోలు, మూడు షియర్ మాడ్యులస్‌లు. వాటిని ఈ-1, ఈ-2, ఈ-3; న్యూ-12, న్యూ-13, న్యూ-23; జీ-12, జీ-13, జీ-23 అని రాసుకుందాం.

డేటాషీట్ తొమ్మిదీ ఇవ్వదు. మామూలుగా నాలుగిస్తుంది: ఈ-1, ఈ-2, న్యూ-12, జీ-12. షెల్ ఎలిమెంట్లతో పలకలు మోడల్ చేసేవాళ్లకు చాలామటుకు ఆ నాలుగుతో రోజు గడిచిపోతుంది. సాలిడ్ ఎలిమెంట్ మొహమాటపడదు, మిగతా ఐదూ అడుగుతుంది. ఫైబర్లన్నీ ఒకే వైపు ఉన్న ప్లై అయితే కాస్త వెసులుబాటుంది. ఫైబర్‌కు అడ్డంగా ఏ వైపు చూసినా ఒకేలా ఉంటుందనుకోవచ్చు కనుక ఈ-3ని ఈ-2 అనీ, జీ-13ని జీ-12 అనీ, న్యూ-13ని న్యూ-12 అనీ తీసుకుంటాం. కాలేజీ ఫార్ములా 2-3 తలంలో మాత్రం చెల్లుతుంది కాబట్టి జీ-23ని ఈ-2, న్యూ-23ల నుంచి లెక్కగట్టొచ్చు. చివరికి నిజంగా తెలియకుండా మిగిలేది న్యూ-23 ఒక్కటే.

దాన్ని ఏం వెయ్యాలి? చాలామంది న్యూ-12నే అక్కడా కాపీ చేస్తారు. అది ఊహ అని కూడా ఎక్కడా రాయరు. ఏఎస్4/3501-6 అనే మరో పేరున్న కార్బన్-ఎపాక్సీకి న్యూ-12 0.28 అయితే, న్యూ-23 0.4. కొలత దొరకనప్పుడు 0.3తో ఒకసారి, 0.5తో ఒకసారి రన్ చేసి చూడండి. టీ300/5208కి జీ-23 మొదటిదానికి 3.96, రెండోదానికి 3.43 గిగాపాస్కల్ వస్తుంది. మీకు కావాల్సిన జవాబు ఆ రెండు రన్‌ల మధ్య కదలకపోతే ఆ అంకె కోసం ల్యాబ్‌తో పోట్లాడక్కర్లేదు. కదిలిందంటే పోట్లాడాల్సిందే. టెస్టుకు డబ్బు అడిగేటప్పుడు ఆ రెండు రన్‌లే మీ వాదన.

ఈ వెసులుబాటు నేత గుడ్డతో చేసిన ప్లైలకు లేదు. అక్కడ ఈ-1, ఈ-2 దాదాపు సమానం, ఈ-3 మాత్రం బాగా తక్కువ. న్యూ-12 కూడా 0.05 దరిదాపుల్లో చాలా చిన్నగా ఉంటుంది. ఒకే వైపు ఫైబర్లున్న ప్లై సూత్రాలను నేత ప్లైకి అంటగట్టడం తరచూ కనబడే తప్పు.

ల్యాబ్ రిపోర్టు చదివేటప్పుడు ఇంకొక జాగ్రత్త. ఏఎస్‌టీఎం డీ3039 లాగుడు పరీక్ష ఈ-1, ఈ-2, న్యూ-12 ఇస్తుంది. డీ3518 అనే ప్లస్ మైనస్ 45 డిగ్రీల పరీక్ష జీ-12 ఇస్తుంది. డీ2344 అనే షార్ట్ బీమ్ పరీక్ష చవక కనుక అందరూ చేయిస్తారు. అది ఇచ్చేది బలం మాత్రమే, మాడ్యులస్ కాదు. ఆ రిపోర్టులోంచి ఎవరైనా జీ-13 తీసి మీకు పంపితే, ఎలా తీశారో అడగండి.

గళ్ల వరస

తొమ్మిది అంకెలూ చేతికొచ్చాయి. ఇప్పుడు వాటిని కార్డులో వెయ్యాలి. కొంపలు మునిగేది ఇక్కడే.

షియర్ మాడ్యులస్‌లు మూడింటినీ అబాకస్ 12, 13, 23 వరసలో అడుగుతుంది. ఆన్సిస్ ఎక్స్‌వై, వైజెడ్, ఎక్స్‌జెడ్ అంటుంది. ఎల్ఎస్-డైనా ఏబీ, బీసీ, సీఏ అంటుంది. రెండో గడి, మూడో గడి తారుమారయ్యాయి చూశారా? ఒక సాఫ్ట్‌వేర్ కార్డు నుంచి ఇంకో దానిలోకి మూడు అంకెలూ గుడ్డిగా కాపీ చేస్తే జీ-13, జీ-23 చోట్లు మారతాయి. పలుచటి పలకలో ఎవరూ పట్టుకోలేరు. మందమైన పార్టులో, ప్లైల మధ్య షియర్ ముఖ్యమైన చోట, జవాబు మారిపోతుంది.

పాయిజాన్ రేషియో ఇంతకన్నా గడుసుది. ఫైబర్ వెంట లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది న్యూ-12. అడ్డంగా లాగితే ఫైబర్ వెంట ఎంత కుంచించుకుంటుందో చెప్పేది న్యూ-21. రెండూ ఒకటి కావు. న్యూ-12ని ఈ-1తో భాగిస్తే ఎంతో, న్యూ-21ని ఈ-2తో భాగించినా అంతే రావాలన్నది నియమం. టీ300/5208కి న్యూ-12 0.28 అయితే న్యూ-21 0.016 మాత్రమే. ఆన్సిస్‌లో పీఆర్ఎక్స్‌వై గడి పెద్దదాన్ని అడుగుతుంది, ఎన్‌యూఎక్స్‌వై గడి చిన్నదాన్ని. ఎల్ఎస్-డైనా ఆర్థోట్రోపిక్ కార్డులోని పీఆర్‌బీఏ గడికి కూడా కావాల్సింది చిన్నదే. డేటాషీట్‌లోని 0.28ని అక్కడ పడేస్తే ఏమవుతుంది?

కార్బన్ అయితే అదృష్టవంతులు. ఆ తప్పుతో న్యూ-12 4.92 అయి కూర్చుంటుంది. ఈ-1ని ఈ-2తో భాగించిన దాని వర్గమూలం, అంటే 4.19, దాన్ని దాటిన మెటీరియల్ ప్రకృతిలో ఉండదు. లాగితే శక్తి తీసుకునే బదులు శక్తి ఇచ్చే వస్తువవుతుంది. కార్డును సరిచూసే సాల్వర్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. గ్లాస్ ఫైబర్ దగ్గర ఆ కాపలా పనిచెయ్యకపోవచ్చు. ఈ-1 38.6, ఈ-2 8.27, న్యూ-12 0.26 ఉన్న గ్లాస్-ఎపాక్సీకి ఇదే తప్పు చేస్తే న్యూ-12 1.21 అవుతుంది. దానికి గీత 2.16 దగ్గరుంది. న్యూ-23కి 0.3 వేసి ఉంటే మూడు దిక్కుల్ని కలిపి చూసే షరతు కూడా బొటాబొటీగా గడప దాటుతుంది. రన్ నడుస్తుంది, బొమ్మ వస్తుంది. మెటీరియల్ మాత్రం లోకంలో లేనిది.

ఒక్క ఘనం

దీనికి మందు చాలా చవక. ఒక మిల్లీమీటరు భుజమున్న ఘనం, ఒక్కటే ఎలిమెంట్, ఎనిమిది నోడ్‌లు. మెటీరియల్ కార్డును అసలు మోడల్‌లో పెట్టేముందు దీనిలో పెట్టి పరీక్షించండి. మూడు లాగుళ్లు, మూడు షియర్లు. రన్ టైము సెకన్లలోనే.

మొదటి లాగుడు. ఎక్స్, వై, జెడ్ సున్నా దగ్గరున్న మూడు ముఖాలనూ వాటి లంబ దిక్కులో మాత్రమే కదలకుండా పట్టుకోండి. ఎదుటి ఎక్స్ ముఖాన్ని 0.001 మిల్లీమీటరు, అంటే ఒక మైక్రాన్ లాగండి. మిగతా రెండు ముఖాలనూ స్వేచ్ఛగా వదిలెయ్యండి. టీ300/5208 అయితే ఒత్తిడి 181 మెగాపాస్కల్ రావాలి. వచ్చిందని సంతోషించి ఆగిపోకండి. అడ్డంగా ఎంత సన్నబడిందో చూడండి: 0.28 మైక్రాన్. ఇందాక చెప్పిన గ్లాస్ తప్పును పట్టుకునేది సరిగ్గా ఈ రెండో అంకే. తప్పు కార్డుతో కూడా గ్లాస్ ఘనం లాగుడుకు 38.6 మెగాపాస్కల్ చూపిస్తుంది, అది ఒప్పే. కానీ ఒక మైక్రాన్ సాగిన ఘనం అడ్డంగా 1.2 మైక్రాన్లు తగ్గుతుంది. సాగినదానికన్నా ఎక్కువ సన్నబడింది! అక్కడ మీ చెయ్యి ఆగాలి.

తర్వాత 2 దిక్కున లాగితే 10.3 మెగాపాస్కల్, 1 దిక్కున కుంచించుకోవడం 0.016 మైక్రాన్. 3 దిక్కునా అంతే. షియర్‌కు ఎనిమిది నోడ్‌ల కదలికలూ మీరే నిర్ణయించి 0.001 షియర్ ఇస్తే 1-2 తలంలో 7.17 మెగాపాస్కల్, 1-3లోనూ అంతే, 2-3లో దానికి సగానికి అటూ ఇటూ. గళ్లు తారుమారైతే ఇక్కడ దొరికిపోతాయి.

ఇక అసలు పరీక్ష. మెటీరియల్ అక్షాలను జెడ్ చుట్టూ 45 డిగ్రీలు తిప్పండి. ఘనాన్ని తిప్పొద్దు, అక్షాలను మాత్రమే. మళ్లీ ఎక్స్ వైపు లాగండి. కాగితం మీద లెక్కగడితే ఈ దిక్కున మాడ్యులస్ 16.7 గిగాపాస్కల్ రావాలి. మీకు అంతకన్నా బాగా ఎక్కువ వచ్చిందా? కార్డు తప్పు కాకపోవచ్చు. ఇందాకటి మూడు ముఖాల పట్టునే అలాగే ఉంచి ఉంటారు. ఏటవాలుగా ఫైబర్లున్న ఘనాన్ని లాగితే అది సాగడమే కాదు, పక్కకు వాలుతుంది కూడా. ముఖాలను పట్టుకుంటే ఆ వాలుడు ఆగిపోయి, ఉన్నదానికన్నా బిర్రుగా కనబడుతుంది. గాల్లో తేలిపోకుండా, గిరగిరా తిరక్కుండా చాలినంత పట్టు ఉంచి మిగతాది వదిలెయ్యండి. 16.7 వస్తుంది. నిజం టెస్ట్ కూపన్‌లో కూడా గ్రిప్పులు ఇదే పని చేస్తాయి. ల్యాబ్ అంకెకూ మీ అంకెకూ తేడా వచ్చినప్పుడు ల్యాబ్‌ను తిట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇంకొక మెలిక ఉంది. ప్లస్ 45కీ మైనస్ 45కీ మాడ్యులస్ ఒకటే, 16.7. కోణం గుర్తు తప్పిందో లేదో మాడ్యులస్ చెప్పదు, వాలుడు చెబుతుంది. 0.001 సాగుడుకు ప్లస్ 45లో షియర్ మైనస్ 0.00077, మైనస్ 45లో ప్లస్ 0.00077. ఈ గుర్తు చూడనివాళ్ల లామినేట్ (ప్లైల దొంతర) మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నా వాళ్లకు తెలియదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, దిక్కు తప్పితే పడే మూల్యం అంత పెద్దది. అదే టీ300/5208 ప్లైలో ఫైబర్ 5 డిగ్రీలు పక్కకు తిరిగితే లాగే దిక్కున మాడ్యులస్ 181 నుంచి 154కి పడిపోతుంది. 10 డిగ్రీలు తిరిగితే 108. నలభై శాతం పోయినట్టే. ల్యాబ్‌లో ఈ-1 కొలతలో వచ్చే తేడా దీని ముందు లెక్కలోకి రాదు. మూడో దశాంశ స్థానం కోసం మెటీరియల్ కార్డు మీద వారం కూర్చున్నవాళ్లు, అక్షాల బాణాలను తెర మీద ఒక్కసారి కూడా వేసి చూడకుండా రన్ కొట్టడం ఎన్నోసార్లు కనబడుతుంది.

వంపు పార్టుల్లో ఇది మరీ ముఖ్యం. ఎల్ ఆకారపు బ్రాకెట్‌కు గ్లోబల్ అక్షాలే వదిలేస్తే ఒక కాలులో ఫైబర్ పొడవునా సరిగ్గా ఉంటుంది. వంపు తిరిగాక రెండో కాలులో అదే ఫైబర్ మందానికి అడ్డంగా, ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి పొడుచుకుపోతుంది. అంత బలమైన మూల ఏ ఫ్యాక్టరీలోనూ తయారవ్వదు. ఎలిమెంట్ ఎలిమెంట్‌కూ ఉపరితలాన్ని అనుసరించి అక్షాలు తిరగాలి. పొరలు పేర్చే ఎలిమెంట్ వాడితే పేర్చే దిక్కు కూడా ఎలిమెంట్ నోడ్‌ల వరస మీద ఆధారపడి ఉంటుందని మరచిపోకండి. ఆటోమేటిక్ మెషర్‌కు ఆ వరసతో పనిలేదు. దానికి నచ్చినట్టు తిప్పుతుంది. ఫైబర్ బాణాలు, మందం బాణాలు రెండూ వేసి స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టు మొదటి పేజీలోనే పెట్టండి.

సాలిడ్ అసలు అవసరమా?

అన్నిచోట్లా సాలిడ్లు పెట్టాలనే ఉత్సాహం కూడా జబ్బే. తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో 45 శాతం, బోయింగ్ 787 బరువులో సగం కాంపోజిట్లే. అంత పెద్ద విమానాన్ని మొత్తం ప్లైకొక సాలిడ్‌తో ఎవరూ మోడల్ చెయ్యరు. ఒక చిన్న లెక్క: 300 మిల్లీమీటర్ల చదరపు పలక, 0.125 మిల్లీమీటర్ల ప్లైలు 16, ఎలిమెంట్ ఒక మిల్లీమీటరు. 14 లక్షల 40 వేల ఎలిమెంట్లు. అదీ ఒక్క పలకకు. పలుచటి చదును భాగాలకు షెల్ చాలు, బాగుంటుంది కూడా.

సాలిడ్ కావాల్సింది మందం దిక్కున వచ్చే ఒత్తిడి పార్టును చంపేచోట. ఎల్ బ్రాకెట్ మూలే తీసుకుందాం. మందం 4 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసార్ధం 6, బయటిది 10. మూలను తెరిచేలా మిల్లీమీటరు వెడల్పుకు 400 న్యూటన్ మిల్లీమీటర్ల మొమెంట్. ఫైబర్ వెంట వంగుడు ఒత్తిడి సుమారు 150 మెగాపాస్కల్. ఏఎస్4/3501-6కి ఫైబర్ దిక్కున నలుగుడు బలం 1480, సాగుడు బలం 1950. పదో వంతు. షెల్ మోడల్ ఇక్కడికే ఆగి, భయం లేదని చెబుతుంది. కానీ వంపు తెరుచుకుంటున్నప్పుడు ప్లైలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలని చూస్తాయి. ఆ రేడియల్ ఒత్తిడిని చేత్తో లెక్కగట్టే పద్ధతి ఉంది: మూడు రెట్ల మొమెంట్‌ను, రెండు రెట్ల మందంతోనూ, రెండు వ్యాసార్ధాల లబ్ధం వర్గమూలంతోనూ భాగించడమే. 19.4 మెగాపాస్కల్ వస్తుంది. ఫైబర్‌కు అడ్డంగా ఆ మెటీరియల్ బలం 48. నలభై శాతం వాడేశాం! పార్టు విరిగేది ఫైబర్ తెగి కాదు, మూల దగ్గర పొరలు విడిపోయి. తలంలోని ఒత్తిళ్లే చూసే మామూలు షెల్‌కు 3 దిక్కున లాగుడు ఒత్తిడి కనబడనే కనబడదు.

కాబట్టి బ్రాకెట్ కాళ్లు షెల్‌తోనో ముతక సాలిడ్‌తోనో వదిలేసి, మూల దగ్గర మాత్రం సన్నటి సాలిడ్ మెష్ పెట్టండి. వీలైతే ప్లైకొక ఎలిమెంట్. ఇందాకటి చేతి లెక్కను పక్కన పెట్టుకోండి. సాలిడ్ మోడల్ దానికి రెండింతలు చూపిస్తే సాఫ్ట్‌వేర్‌ను నమ్మేముందు మెష్‌ను అనుమానించండి. బోల్టు రంధ్రాలు, ప్లైలు అర్ధాంతరంగా ఆగిపోయే చోట్లు, మందమైన లగ్‌లు కూడా ఈ కోవలోవే. ఎల్ బ్రాకెట్ ఓవెన్ నుంచి బయటికొచ్చి చల్లారాక కోణం కొద్దిగా మూసుకుపోతుంది. అది పట్టుకోవాలన్నా మందం దిక్కు కావాలి, తొమ్మిదికి తోడు మూడు దిక్కుల వ్యాకోచ గుణకాలూ కావాలి.

షెల్‌కూ సాలిడ్‌కూ మధ్యదారి ఎప్పటినుంచో నలుగుతున్న విషయమే. వరంగల్ ప్రాంతంలో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో ప్రొఫెసరైన జె.ఎన్. రెడ్డి పేరు కాంపోజిట్ పలకల పరిశోధనలో అందరికీ తెలుసు. 1984లో ఆయన ప్రకటించిన సిద్ధాంతం మందం వెంట షియర్‌ను పలక ఎలిమెంట్ స్థాయిలోనే మెరుగ్గా పట్టుకునేందుకు. తర్వాత లేయర్‌వైజ్ పద్ధతిలో ప్లై ప్లైకూ విడిగా లెక్క చూశారు. పూర్తి సాలిడ్‌కు పోకుండా ఎంతవరకు లాగొచ్చో తెలుసుకోవాలంటే ఆయన పుస్తకాలు చదవండి. ఇంగ్లీషులో ఉన్నా భాష సులువే, ఓపికే కావాలి.

ముద్ద చెయ్యకండి

టైము లేదని లామినేట్ మొత్తాన్ని ఒకే ఆర్థోట్రోపిక్ ముద్దగా మార్చి, సగటు అంకెలతో సాలిడ్లలో నింపెయ్యడం చాలా ఆఫీసుల్లో రివాజు. లాగుడుకు అది బాగానే పనిచేస్తుంది. వంగుడుకు పనిచెయ్యదు. నాలుగు ప్లైలు, 0, 90, 90, 0 వరసలో పేర్చితే టీ300/5208కి వంగుడు బిర్రు 160 అనుకుంటే, అవే ప్లైలు 90, 0, 0, 90గా పేర్చితే 32. అయిదింతల తేడా. సగటు ముద్ద రెండింటికీ 96 అంటుంది. ఒకదానికి తక్కువ చెప్పింది, ఇంకోదానికి మూడింతలు ఎక్కువ చెప్పింది. ముద్ద చేసిన మోడల్‌లో ప్లై స్థాయి ఒత్తిళ్లు చదవడం ఇంకా పెద్ద తప్పు. లేనిదాన్ని చదువుతున్నట్టే.

పొరలు లోపలే ఉంచుకునే సాలిడ్ ఎలిమెంట్లు మధ్యేమార్గం. వంగుడు సరిగ్గా ఇస్తాయి. కానీ మందం మొత్తానికీ ఒక్కటే ఎలిమెంట్ పెట్టి ప్లైల మధ్య ఒత్తిడి చదవకండి. ఎనిమిది నోడ్‌ల మామూలు ఇటుక ఎలిమెంట్ వంగుడులో బిగుసుకుపోతుంది. దాన్ని తప్పించడానికి ఇంటిగ్రేషన్ తగ్గించిన రకం వాడి మందానికి ఒక్కటే పెడితే, వంగుడుకు అసలు ఎదురే ఉండదు. సాలిడ్-షెల్ రకాలు, ఇన్‌కంపాటిబుల్ మోడ్ ఉన్న ఇటుకలు ఈ పనికి నయం.

రంగుల బొమ్మ ముందు

కస్టమర్ రివ్యూలో తరచూ వినబడే సంభాషణ ఇది.

“ఎస్11 మాక్సిమమ్ 150 వచ్చింది సార్, సేఫే.”

“ఏ 11 అమ్మా? గ్లోబల్‌దా, ఫైబర్‌దా?”

“డిఫాల్ట్‌లో వచ్చిందే సార్.”

ఆ డిఫాల్ట్ ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది. ఓరియంటేషన్ ఇచ్చిన ఎలిమెంట్లకు అబాకస్ మెటీరియల్ అక్షాల్లో చూపిస్తుంది. ఎల్ఎస్-డైనా మీరు సీఎంపీఎఫ్ఎల్‌జీ అనే ఫ్లాగ్ పెట్టకపోతే గ్లోబల్‌లోనే రాస్తుంది. ఆన్సిస్‌లో పోస్ట్ ప్రాసెసింగ్‌కు ముందు అక్షాలను మార్చమని చెప్పాలి. 45 డిగ్రీల ప్లై మీద గ్లోబల్ ఎక్స్ ఒత్తిడిని ఫైబర్ బలంతో పోల్చడం అంటే కిలోలను మీటర్లతో పోల్చడమే. ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు. ఎవరూ ఆమెను ఆ ప్రశ్న అడిగి ఉండరు. మీరు లీడ్ అయితే, జూనియర్లను తిట్టకుండా ఆ ప్రశ్న ప్రతి రివ్యూలో అడగండి. మూడో రివ్యూకల్లా వాళ్లే బొమ్మ మీద అక్షం పేరు రాసుకొస్తారు.

వాన్ మైసెస్ ప్లాట్ గురించి ఎక్కువ చెప్పను. కాంపోజిట్ రిపోర్టులో అది ఉందంటే రాసినవాళ్లకు మెటీరియల్ అర్థం కాలేదని చదివినవాళ్లు అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు. సాయ్-వూ, హాషిన్ లాంటి కొలబద్దలు వాడండి. అయితే అబాకస్‌లో తయారుగా ఉన్న హాషిన్ డ్యామేజ్ షెల్ తరహా ఎలిమెంట్లకే. మామూలు సాలిడ్లకు అది పనిచెయ్యదు, సొంత సబ్‌రొటీన్ రాసుకోవాలి. ప్రాజెక్టు ప్లాన్ వేసేటప్పుడే ఈ సంగతి చెప్పండి, డెలివరీ ముందు రోజు కాదు.

అంచుల దగ్గర ఇంకొక మాయ ఉంది. వేర్వేరు కోణాల ప్లైలు కలిసే చోట, స్వేచ్ఛా అంచులో, ప్లైల మధ్య ఒత్తిడి మెష్ సన్నబడేకొద్దీ పెరుగుతూనే పోతుంది. పైప్స్, పగానో 1970లోనే అంచుల దగ్గర ఈ ఒత్తిళ్లు ఎగబాకడాన్ని లెక్కగట్టి చూపించారు. కన్వర్జెన్స్ రాలేదని మెష్‌ను ఇంకా ఇంకా సన్నం చేస్తూ రాత్రుళ్లు పాడుచేసుకోకండి. ఒక ప్లై మందం మేర సగటు తీసి పోల్చండి, లేదా కోహెసివ్ ఎలిమెంట్లతో విడిపోవడాన్నే మోడల్ చెయ్యండి.

చివరగా రిపోర్టులో ఒక పట్టిక. తొమ్మిది వరుసలు, ఒక్కో అంకె ఎదురుగా మూడు మాటల్లో ఒకటి: కొలిచింది, లెక్కగట్టింది, అరువు తెచ్చుకుంది. మొదటిసారి ఇలా ఇచ్చినప్పుడు మేనేజర్ భయపడొచ్చు, ఇంత అరువేమిటని. కస్టమర్ మాత్రం ఆ పట్టికను చూశాకే రంగుల బొమ్మల్ని నమ్ముతాడు, వాళ్ల ల్యాబ్ నుంచి రావాల్సిన డేటా కూడా అప్పుడే కదులుతుంది.

ఈ పుస్తకం పక్కన పెట్టగానే మీ చేతిలో ఉన్న ప్రాజెక్టు మెటీరియల్ కార్డును ఒక్క ఘనంలో పెట్టి ఆరు పరీక్షలూ, ఏడోది 45 డిగ్రీలదీ నడపండి. వచ్చిన అంకెలను కాగితం లెక్కతో పక్కపక్కన రాసి, ఆ కాగితాన్ని ప్రాజెక్టు ఫోల్డర్‌లో మెటీరియల్ ఫైల్ పక్కనే దాచండి. తర్వాత ఆ కార్డు వాడబోయే సహోద్యోగికి అది ఉందని చెప్పండి.